రాజు చెంప మీద గాటు

జనగామ
7 ఆగస్టు 2011

మజీద్ మామూకు షిఫా సలాములు.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. ముమానీ అందుకుని నేను చెప్పిన నాలుగు మాటల్లో ఒకటి నీ చెవిలో అరుస్తుంది, అందులోనూ సగం ఆమె సొంతం. పోయినసారి నాకు జ్వరం తగ్గిందని చెబితే నీకు నా పెళ్లి కుదిరిందని చేరింది. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిల్లో తూటాలు పేల్చి చెవులు పోగొట్టుకున్నవాడితో ఇక రాతకోతలే నయం. అందుకే ఈ ఉత్తరం.

నేను బాగున్నాను. రంజాన్ రోజాలుంటూనే బడికి పోతున్నాను. పదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పి చెప్పి మధ్యాహ్నానికి గొంతు ఎండిపోతోంది. మా కరస్పాండెంటుకు మాత్రం పిల్లలకు ఎక్కాలు రాకపోవడానికి కూడా తెలంగాణ ఉద్యమమే కారణం.

అసలు సంగతికి వస్తాను. నిన్న దేవరుప్పుల దిగి మన ఊరికి పోయాను. వానలకు మొహర్రం పీర్లను నిలిపే కొట్టం గోడ ఒకవైపు నానిపోయి ఉంది. అబ్బా పోయినప్పటి నుంచి కొట్టం తాళంచెవి అమ్మీ కొంగుకే కదా, ఆమెకు నిద్ర పట్టడంలేదు. ఇద్దరం కలిసి పీర్ల పెట్టెను ఇంట్లోకి తెచ్చి, పీర్లకు చుట్టిన దట్టీ గుడ్డలు తడిసి ఉంటే అన్నీ విప్పి దండెం మీద ఆరేశాం. పెద్ద పీరు మెడకు వెండి తీగతో కట్టిన ఒక బిల్ల ఉంది. ఉందని చిన్నప్పటి నుంచి తెలుసు. ఎప్పుడూ దట్టీల కిందే ఉంటుంది కనుక ఊళ్లో ఎవరూ దాని మొహం చూసి ఉండరు. నేను మాత్రం నిన్ననే మొదటిసారి పరీక్షగా చూశాను. మామూ, అది నాణెం!

ఒకవైపు మగమనిషి తల. మీసం లేదు, గడ్డం లేదు, తలచుట్టూ ఆకుల దండ. చెంప మీద ఉలితో కొట్టినట్టు ఒక గాటు. రెండోవైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో కొమ్మ. చుట్టూ ఇంగ్లీషు అక్షరాల లాంటివి. అమ్మీని అడిగితే, "మీ అబ్బాకు వాళ్ల అబ్బా ఇచ్చిండు, ఆయనకు వాళ్ల అబ్బా. పీరుది పీరుకుంటది, నీకెందుకే?" అంది. ఆమె నమాజుకు కూర్చున్నప్పుడు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది రెండువైపులా అచ్చు తీశాను. ఇందులో పెట్టాను. ఇంటినిండా పాత పైసలు పోగేసి ముమానీతో తిట్లు తినేవాడివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నీ మేనకోడలు
షిఫా


భూపాలపల్లి
14 ఆగస్టు 2011

బేటీ షిఫాకు మామూ దువా.

నీ ఉత్తరం ఇఫ్తార్ వేళకు అందింది. ఖర్జూరం చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. మీ ముమానీ గుండెపోటు అనుకుని పక్కింటివాళ్లను పిలిచింది. వాళ్లొచ్చి నా వీపు రుద్దుతుంటే నేను వాళ్లకు నీ పెన్సిల్ అచ్చు చూపిస్తున్నాను. పిచ్చి లేసిందని ఖాయం చేసుకుని పోయారు.

అది రోము రాజుల నాణెం బేటీ! దీనారం అంటారు. ఆ తల టైబీరియస్‌ది. ఈసా నబీ, అదే యేసు, కాలంలో రోమును ఏలినవాడు. నా పుస్తకంలో బొమ్మ పక్కన నీ అచ్చు పెట్టి భూతద్దంతో మూడు పూటలు చూశాను. కుర్చీలో ఉన్నామె శాంతికి దేవత అని కొందరు, రాజు తల్లి అని కొందరు అంటారు. ఆమె చుట్టూ ఉన్నది 'పాంటిఫ్ మాక్సిం', అంటే వాళ్ల మతానికి పెద్ద అని. మిరియాలకు, ముత్యాలకు, సన్నబట్టలకు వాళ్లు ఓడల్లో ఈ వెండి తెచ్చి మన దేశంలో పోసిపోయారు. అది మన పెద్ద పీరు మెడలో ఉంది! నాణేల ప్రదర్శనలో ఒకాయన నా మొహం మీదనే నవ్వాడు, "మీ తెలంగాణలో నైజాం పైసలు తప్ప ఏముంటాయండీ" అని. ఇప్పుడు రమ్మను.

మానుకోట కాలేజీలో చరిత్ర చెప్పే మధుకర్ సార్ దగ్గర ఇట్లాంటిదే ఒకటుందట. పెద్దవంగర చెలకల్లో నాగలికి తగిలిందట. నాకు ఇంతవరకు చూపించలేదు. ఎప్పుడడిగినా నా చేతులకు నూనె ఉందంటాడు. నా చేతులకు ఎప్పుడూ నూనె ఎందుకుంటుంది, నేనేమన్నా బజ్జీలు వేస్తున్నానా? ఆయన ముందర దీన్ని పెట్టి మాట్లాడకుండా కూర్చోవాలని నా కోరిక.

కాబట్టి ఎవరికీ చెప్పకు. మెల్లగా తీగ విప్పి, దూదిలో చుట్టి, నాకు పంపు. నా దగ్గర భద్రంగా ఉంటుంది. మా ఆపాకు, అదే మీ అమ్మీకి, నేను సర్దిచెప్తాను.

మజీద్


జనగామ
25 ఆగస్టు 2011

మామూకు సలాం.

నువ్వు చెప్పినంత తేలిక కాదు. "మామూ ఆ బిల్ల అడుగుతున్నాడు" అని నోరు తెరిచానో లేదో, అమ్మీ చేటతో సహా లేచింది. "గది నా సొమ్మా ఇయ్యనీకి? వాని సొమ్మా అడుగనీకి? ఊరందరి మొక్కు అది. నేను కావలిదాన్ని మాత్రమే" అంది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనని ఒట్టు వేయించుకుంది. అందుకని బిల్ల పంపడంలేదు, అమ్మీ చూడనప్పుడు తీసిన ఫోటో పంపుతున్నాను. ఇక్కడ జనగామలో మా సోహైల్ భాయ్ స్టూడియోలో పెద్దగా, రంగుల్లో కడిగించాను. రాజుగారు ఎంత తళతళలాడుతున్నారో చూడు!

సెప్టెంబరు రెండోవారం నుంచి సమ్మె అంటున్నారు. ఈసారి అందరూ కలిసి చేసే సమ్మె. బడులు, బస్సులు, మీ బొగ్గు బాయిలు, అన్నీ బంద్. నేను ఊళ్లోనే ఉంటాను, జవాబు ఊరి చిరునామాకు రాయి.

షిఫా


భూపాలపల్లి
8 సెప్టెంబరు 2011

బేటీ షిఫాకు,

ఈద్ బాగా జరిగింది. మీ ముమానీ షీర్ ఖుర్మాలో ఈసారి చారపప్పు ఎక్కువ వేసింది, నాకు మాత్రం నీ ఫోటో చూసినప్పటి నుంచి నోరు చేదుగా ఉంది.

మనసు గట్టి చేసుకో. నేను మొన్న ఎవరికీ చెప్పకుండా బిల్ల తీసి నాకు పంపమని రాశాను కదా, ఇక ఆ పని లేదు. పీరుకు కట్టి ఉన్నది నకిలీది. పెన్సిల్ అచ్చులో మెరుగు కనబడదు, అందుకే మోసపోయాను. రెండు వేల ఏళ్ల వెండి ఇంత తెల్లగా ఉండదు బిడ్డా. నల్లబడుతుంది, కమిలినట్టు ఉంటుంది. ఇది నిన్న మొన్న చేసిన సరుకు. నేనూ ఒకసారి ఇట్లాంటి తళతళలకే పడిపోయి, ఒక నకిలీని ఏడాదిపాటు జేబులో పెట్టుకుని తిరిగాను. ఆ గాటు కూడా పాతదని నమ్మించడానికి వేసిందే. నిజం నాణేలకు మన దిక్కు అట్లాంటి గాట్లు ఉంటాయి, దొంగలు అది కూడా నేర్చుకున్నారు.

ఇదంతా నాకు తెలిసిన విద్య, ఇందులో నేను తప్పను. ఆపాకు నా సలాం చెప్పు. మోకాళ్లకు నువ్వుల నూనె రాసుకోమను.

మజీద్


భూపాలపల్లి
22 సెప్టెంబరు 2011

బేటీ షిఫాకు మామూ దువా.

నీ జవాబు లేదు. బస్సులు లేక టపా సంచులు ఎక్కడివక్కడే పడి ఉన్నాయట. ఇది లారీలో వరంగల్ దాకా పోయేవాళ్ల చేతికి ఇచ్చి అక్కడ డబ్బాలో వేయిస్తున్నాను.

ఇక్కడ మా ఊరిని నువ్వు చూడాలి! బాయిలన్నీ బంద్. బొగ్గు పెళ్ల ఒక్కటి పైకి రావడంలేదు. రిటైరైన నన్ను కూడా శిబిరంలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. వక్తలు ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క వినబడదు. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నేనూ కొడతాను. నిన్న ఒకసారి నేనే ముందు కొట్టాను, అందరూ నా వెంట కొట్టారు.

ఆ నకిలీ బిల్ల గురించి ఆలోచించాను. పీరు మెడలో దొంగసరుకు ఉండడం నాకు నచ్చలేదు. నా దగ్గర మంచి నైజాం వెండి రూపాయి ఉంది. పంపిస్తాను. దాన్ని తీసి దీన్ని కట్టండి. దట్టీల కింద ఎవరు చూస్తారు?

మజీద్


దేవరుప్పుల దగ్గర, మన ఊరు
30 సెప్టెంబరు 2011

మామూ,

సలాం రాయడానికి కూడా చెయ్యి రావడంలేదు. నీ ఇరవైరెండో తారీకు ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను పోస్ట్‌మన్ చేతిలోంచి గుంజుకున్నాను కనుక బతికాం. ఎనిమిదో తారీకుది ఏం చేసిందో విను.

అది వచ్చిన రోజు నేను ఊళ్లో లేను. సమ్మె మొదలైన రోజు జనగామలో ర్యాలీ ఉంటే ఉండిపోయాను. అమ్మీకి తెలుగు చదవరాదని నీకు తెలుసు. కిరాణం సాంబయ్య దగ్గరికి తీసుకుపోయింది. ఊళ్లో అందరి ఉత్తరాలూ చదివేది ఆయనే కదా. ఆయనకు మెల్లగా చదవడం రాదు. పది మంది ఉప్పు పప్పు కొనేచోట, బతుకమ్మ పాటంత గొంతుతో, నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఎవరికీ చెప్పకుండా బిల్ల తీసి నాకు పంపమని రాశాను." ఆ వెంటనే, "పీరుకు కట్టి ఉన్నది నకిలీది." మామూ, ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టి నువ్వే చదువుకో. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. "ఖమర్ బీ అసలు బిల్ల తమ్మునికి పంపింది, నకిలీది తెచ్చి పీరుకు కట్టింది."

మర్నాడు పెద్దమనుషులు వచ్చి దట్టీలు విప్పించి చూశారు. అది తళతళా మెరుస్తుంటే ఇంకేం చెప్పాలి? గాటు చూసి, "కొత్తది కొన్నప్పుడు షావుకారు దగ్గర వెండి పరీక్ష పెట్టించిన గాటు గిది" అన్నాడొకడు. బిల్లను ఒక గుడ్డలో కట్టి, ముడి మీద లక్క పోసి, వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. కొట్టం తాళంచెవి కూడా తీసుకున్నారు. వచ్చే మొహర్రానికి ఖమర్ బీ పీర్లను ముట్టొద్దని తీర్మానం.

అన్నిటికంటే ఏది బాధ అంటే, ఏటేటా పెద్ద పీరును ఎత్తే పాపయ్య మామ మన వాకిట్లో నిలబడి, "గిన్నేండ్లు నేను మోసింది నకిలీ బిల్లనా సెల్లే?" అని ఏడ్చాడు. తిట్టినా బాగుండేది. అమ్మీ కొంగుకు తాళంచెవి ఉండే చోటును పొద్దంతా చేత్తో తడుముకుంటోంది. అన్నం ముందు కూర్చుంటుంది, రెండు ముద్దలు తిని లేస్తుంది.

ఇప్పుడు నువ్వు ఇంకో రూపాయి పంపి, దాన్ని తీసి దీన్ని కట్టమంటున్నావు! "దట్టీల కింద ఎవరు చూస్తారు" అట! ఇది గనక సాంబయ్య చదివి ఉంటే మమ్మల్ని ఊళ్లో ఉండనిచ్చేవాళ్లా?

నువ్వు తప్పని విద్య కదా మామూ నీది. అయితే చెప్పు. ఆ బిల్ల మా తాతల నాటిది. అమ్మీ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా తన చేతులతో చింతపండు, బూడిద పెట్టి తోమి కడుగుతున్నది అదే బిల్లను. అది నకిలీ అయితే మా తాత నకిలీ చేశాడా? నిజమైతే నువ్వెందుకు అట్లా రాశావు? మొహర్రం రెండు నెలల్లో ఉంది. ఆ లోపల జవాబు కావాలి. క్షమాపణ అక్కరలేదు.

షిఫా


భూపాలపల్లి
14 అక్టోబరు 2011

బేటీ,

నీ ఉత్తరం ఆరో తారీకున, దసరా రోజున అందింది. క్షమాపణ అక్కరలేదన్నావు కనుక రాయను. నేను ఒట్టి గాడిదనని మాత్రం ఒప్పుకోనివ్వు.

చింతపండు! అన్ని ఉత్తరాల్లో ఇదొక్క మాట ముందే రాసి ఉంటే! అయినా నువ్వు రాయాలా? చిన్నప్పుడు మా ఊరి పీర్లను ఆపా, నేను కలిసి బాయి గడ్డ మీద చింతపండు పెట్టి తోమేవాళ్లం. చేతులు పగిలి మండేవి. అది తెలిసి కూడా, ఫోటోలో మెరుపు చూడగానే నకిలీ అనేశాను. పుస్తకంలోని నాణేలన్నీ మట్టిలో దొరికినవి, అందుకే నల్లగా ఉంటాయి. మీది ఎన్ని తరాల నుంచో ఏటా స్నానం చేస్తున్న నాణెం. అది తెల్లగా ఉండక ఏం చేస్తుంది!

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే శిబిరానికి పోయాను. రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. మీ ముమానీ మా ఇంటి రాగి బిందె తెచ్చింది. కొత్తదా అని ఎవరో అడిగారు. ఆమె చెప్పింది నాకు వినబడలేదు. మళ్లీ అడిగితే నా చెవి దగ్గర అరిచింది. "మా నానీ కాలందీ! చింతపండుతోని తోమితె ఎన్నటికి కొత్తదే!" శిబిరం మొత్తం వినబడింది. అక్కడికక్కడ లేచి మానుకోటకు బయల్దేరాను.

బస్సుల్లేవు. పాల వ్యానులో కొంత, ఎవరిదో మోటారు సైకిల్ మీద కొంత, నడక కొంత. మధుకర్ సార్ కూడా సమ్మెలోనే, టెంటు కింద కూర్చుని ఉన్నాడు. ఆయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నీ ఉత్తరమే చేతికి ఇచ్చాను. చదివి నన్ను ఇంటికి తీసుకుపోయాడు, సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోమన్నాడు, ఆ తర్వాత పెద్దవంగర నాణెం నా అరచేతిలో పెట్టాడు. అదే రాజు, అదే కుర్చీ, చెంప మీద అదే గాటు. మీదిలా తెల్లగా లేదు, కమిలి ఉంది.

ఇద్దరం పొద్దంతా మాట్లాడుకుని ఒక పరీక్ష తయారుచేశాం. చదువు అక్కరలేదు, వేలు చాలు. నిన్న మొన్న ఉలితో కొట్టిన గాటు అంచు పదునుగా ఉంటుంది, వేలికి గీరుకుంటుంది. ఏళ్లతరబడి తోమిన బిల్ల మీది గాటు అంచు అరిగి నున్నగా జారుతుంది. గాటు అడుగుకు చింతపండు అందదు, అక్కడ నలుపు అట్లాగే ఉంటుంది. మీ బిల్ల గాటు నున్నగా ఉంటే, అది ఆపా పుట్టక ముందటిది. ఒకవేళ గీరుకుంటే నేను రాసిందే నిజం. నేను బిల్లను కళ్లతో చూడలేదు కనుక ఇంతకంటే ఎక్కువ ప్రమాణం చేయలేను. ఒకసారి అట్లా చేసి ఏమైందో చూశాం కదా.

పోల్చడానికి కొత్త గాటు కావాలి. అందుకే నా నైజాం రూపాయి పంపుతున్నాను. నా మొదటి జీతంతో కొన్నది. ఉలి పెట్టాను, చేయి లేవలేదు. మీ ముమానీ సుత్తి తీసుకుని ఒక్కటే దెబ్బ కొట్టింది. ఎన్ని రోజుల నుంచి కాచుకుని ఉందో.

బాల్‌సింగ్ చేతికి ఇస్తున్నాను. నాతో బాయిలో చేసినవాడు, వాళ్ల తండా మీ దిక్కే. నీ చేతికే ఇమ్మన్నాను. సాంబయ్య దుకాణం ముందు బండి కూడా ఆపొద్దన్నాను.

ఆపా అన్నం తింటోందా?

మజీద్


మన ఊరు
30 అక్టోబరు 2011

మామూకు షిఫా వెయ్యి సలాములు! ముమానీకి, ఆమె సుత్తికి ఇంకో వెయ్యి!

తొందరపడి చివర చదవకు. వరసగా చెప్తాను.

బాల్‌సింగ్ కాకా రూపాయి తెచ్చిన రోజే పెద్దమనుషులను అడిగాను. పండుగ పోనీయమన్నారు. దీపావళి అయ్యాక, నిన్న పొద్దున కొట్టం ముందు కూర్చున్నారు. ఊరు ఊరంతా వచ్చింది. అమ్మీ మాత్రం రాలేదు. "దొంగతనం చేసినోళ్లు పోయి చెప్పుకోవాలె. నేనెందుకు పోత?" అంది. ఆమె లేకుండా ఒక్కదాన్నే పోయాను. మామూ, దారి పొడుగునా ఒకటే ఆలోచన. గాటు గీరుకుంటే ఏం చేయాలి? బిల్ల లక్క ముద్ర కింద ఉంది, ముందుగా ఒకసారి ముట్టి చూసుకునే వీలు కూడా లేదు.

బడిలో చెప్పినట్టే చెప్పాను. మొదట నీ రూపాయి తిప్పాను. "ఇది ఈ నెలలో కొట్టిన గాటు, వేలు పెట్టి చూడండి." అందరూ చూశారు. సాంబయ్య గట్టిగా రుద్దాడు, వేలు తెగింది. "అబ్బో, గీరింది" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన నోరు మూతపడడం ఊరు మొదటిసారి చూసింది.

తర్వాత లక్క పగలగొట్టి బిల్ల తీశారు. మొదట సర్పంచి రుద్దాడు. మొహం చూస్తున్నాను, ఏమీ తెలియడంలేదు. పక్కాయనకు ఇచ్చాడు. ఆయన రెండుసార్లు రుద్ది, "నున్నగున్నది" అన్నాడు. ఇంకొకాయన, "నున్నగనే ఉన్నది, వేలు జారుతున్నది" అన్నాడు. పెంటమ్మ అవ్వ గోరు పెట్టి, "లోపట నల్లగున్నదిరా, గిది తోమితె పోయేది కాదు" అంది. అయినా వెనక నుంచి ఎవడో, "పాతదే అయితది, కని మన పీరుదే అని ఏంది గ్యారంటీ? తమ్ముడు పాత పైసలు ఏరుతడు గద, గసొంటిది ఇంకోటి పంపిండేమో" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు మామూ. నీ పరీక్షలో కూడా లేదు.

అప్పుడు బిల్ల పాపయ్య మామ దగ్గరికి చేరింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు, ఎటో చూస్తూ ఊరికే అందుకున్నాడు. అందుకున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. బిల్లను పిడికిట్లో తిప్పి, పీరును ఎత్తినప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బొటనవేలు పోయి సరిగ్గా గాట్లో కూర్చుంది. కళ్లు మూసుకున్నాడు.

"గిదే" అన్నాడు. "నేను దీని మొకం ఎన్నడు సూడలే. కని దట్టీ కింద నా బొటనవేలు గీ గాట్లనే ఉంటది. పట్టు జారకుంట గిండ్లనే పెట్టుకుంట. గిది నా వేలుకు ఎరుక. మా నాయిన పీరు ఎత్తుడు నేర్పినప్పుడు గిక్కడ్నే వేలు పెట్టిపిచ్చిండు."

ఆయన లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాడు. "ఖమర్ బీ దొంగ గాదు! మనమే దొంగలం, లంగలం!"

ఇక చూడు మామూ! డప్పులెక్కడి నుంచి వచ్చాయో తెలియదు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి బిల్ల చూస్తున్నారు. ప్రతి ఒక్కరికీ గాట్లో వేలు పెట్టాలని. బొమ్మ ఎవరిదని అడిగితే రోము రాజు టైబీరియస్ అని, రెండు వేల ఏళ్ల నాటివాడని, సముద్రం దాటి మన దగ్గరికి వచ్చాడని చెప్పాను. "మరి రాజు సెంప మీద ఎవరు కొట్టిండ్రు?" అని పాపయ్య మామ అడిగాడు. ఎందుకు కొట్టారో గట్టిగా ఎవరికీ తెలియదుగానీ కొట్టింది మనవాళ్లే అంటారని చెప్పాను.

"మనోళ్లా! గప్పట్లనే!" అన్నాడు. ఆయన మొహం చూడాలి నువ్వు. "ఇగ సూడుండ్రి! గంత పెద్ద రాజునే సెంప మీద సరిసినోళ్లం, మనకు మనది అడిగి తెచ్చుకునుడు ఒక లెక్కనా!" కొట్టం ముందు జై తెలంగాణ నినాదం ఎట్లా లేచిందంటే, నీ చెవులకు కూడా వినబడి ఉండాలి.

నేను ఉరుక్కుంటూ ఇంటికి వచ్చి అమ్మీకి చెప్పాను. అంతా విని, "నాకు ఎరుక లేదా ఏంది" అని, పొయ్యి మీద పప్పు దించింది. అప్పటికే వాకిట్లో అడుగుల చప్పుడు. సర్పంచి, పెద్దమనుషులు, పాపయ్య మామ, వేలికి గుడ్డ కట్టుకున్న సాంబయ్య, వాళ్ల వెనక సగం ఊరు. పాపయ్య మామ రెండు చేతుల్లో తాళంచెవి పట్టుకుని, "సెల్లే, తప్పయింది. తీసుకో" అన్నాడు.

అమ్మీ తలెత్తి చూసింది. కంచం ముందు పెట్టుకుని కూర్చుంది.

"అన్నం తింటున్న. జర ఆగుండ్రి" అంది.

ఆగారు మామూ, అందరూ. ఎండలో నిలబడ్డారు. అమ్మీ పప్పు కలుపుకుంది. ఒక్కొక్క ముద్దే తిన్నది. నన్ను పిలిచి ఇంకింత అన్నం పెట్టమంది. తొక్కు వేసుకుంది. మజ్జిగ పోసుకుని మళ్లీ తిన్నది. నెల దాటింది ఆమె కడుపునిండా తినక. కంచం ఊడ్చుకుని, చేయి కడుక్కుని, కొంగు ముడి విప్పుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

నీ షిఫా